కేంద్రకంలోకి వెళ్తే మీసాన్ తేలికవుతుందా?

ప్రశ్న: సార్, నేను దేవరకొండలో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. రో మీసాన్ అనే అతి చిన్న కణం ద్రవ్యరాశి 775 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశికి వాడే కొలత) అని పుస్తకంలో ఉంది. కేంద్రకం లోపల అది మారుతుందని, ఏదో సౌష్ఠవం తిరిగి వస్తుందని ఒక వీడియోలో విన్నాను. ద్రవ్యరాశి కణానికి పుట్టుకతో వచ్చేది కదా, చోటును బట్టి ఎలా మారుతుంది? బావిలో చేద నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉంటుంది, అలాంటిదేనా? మా దగ్గరి లంబాపూర్, పెద్దగట్టు యురేనియంలో కూడా ఇలాగే జరుగుతుందా?

జవాబు: బిడ్డా, ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. నల్గొండలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. 1991లో గెర్రీ బ్రౌన్, మన్నక్ రో అనే శాస్త్రవేత్తలు ఒక పేపర్ రాశారు (అవును, రో మీసాన్ గురించి రాసినాయన పేరు కూడా రోయే!). మామూలు కేంద్రక సాంద్రతలోనే ఇలాంటి మీసాన్ల ద్రవ్యరాశి సుమారు 20 శాతం తగ్గుతుందని అందులో అంచనా కట్టారు. నేను దాన్ని తేలిపోయిన విషయంలా క్లాసులో బల్ల గుద్ది చెప్పాను. ఇప్పుడైతే అలా చెప్పను.

నీ చేద పోలిక సగం పనికొస్తుంది. చేద ద్రవ్యరాశి మారదు, నీళ్లు పైకి తోస్తాయంతే. కేయాన్లు అనే మరో రకం మీసాన్ల విషయంలో కొంత ఇలాంటిదే ఉంది. ధన కేయాన్, రుణ కేయాన్ ఒకదానికొకటి ప్రతికణాలు (ద్రవ్యరాశి ఒకటే, విద్యుదావేశం వ్యతిరేకం) కాబట్టి బయట రెండూ సరిగ్గా 494 ఎంఈవీ. కానీ కేంద్రకంలో ఉండేవి ప్రోటాన్లు, న్యూట్రాన్లే, వాటి ప్రతికణాలు ఉండవు. ఆ గుంపు ధన కేయాన్‌ను కొంచెం బయటికి తోస్తుంది, రుణ కేయాన్‌ను లోపలికి లాగుతుంది. బయట సమానంగా ఉన్న జంట లోపల సమానంగా ఉండదు. అంటే ఇక్కడ ఒక సౌష్ఠవం పోయింది, తిరిగి రాలేదు. వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరెందుకో.

తిరిగి వచ్చేది ఇంకొకటి. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 ఎంఈవీ. లోపల ఉండే క్వార్కులు అనే మూడు కణాల సొంత ద్రవ్యరాశులు కలిపితే 10 కూడా రావు. మిగతాదంతా, క్వార్కులను కట్టి ఉంచే బలమైన బలం తాలూకు శక్తి. మనం ఖాళీ అనుకునే శూన్యం నిజానికి క్వార్కు, ప్రతిక్వార్కు జంటలతో నిండి ఉంటుంది. దాన్ని కండెన్సేట్ అంటారు. క్వార్కులకు ఎడమ వాటం, కుడి వాటం అని రెండు రకాలు. కండెన్సేట్ లేకపోతే దాదాపుగా ఎవరి దారి వారిదే, నువ్వు విన్న సౌష్ఠవం ఇదే. కండెన్సేట్ ఉండటం వల్ల, పోచంపల్లి మగ్గం మీద నాడె అటూ ఇటూ తిరిగినట్టు, క్వార్కు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి మారుతూ సాగుతుంది. ఆ మార్పే మనకు ద్రవ్యరాశిగా కనిపిస్తుంది. సౌష్ఠవం ఇలా దానంతట అదే విరుగుతుందని చెప్పిన శాస్త్రవేత్త యోయిచిరో నంబుకు 2008లో నోబెల్ వచ్చింది. విరగకపోతే రో, ఏ1 అనే మీసాన్లు కవలల్లా ఒకే ద్రవ్యరాశితో ఉండాలి. ఉన్నవి 775, సుమారు 1230.

ప్రోటాన్లు, న్యూట్రాన్లు కిక్కిరిసిన చోట ఈ కండెన్సేట్ పలచబడుతుంది. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ వాళ్లు తగరం పరమాణువుల్లో ఎలక్ట్రాన్ బదులు పయాన్ అనే తేలికైన మీసాన్‌ను, కేంద్రకాన్ని రాసుకుంటూ తిరిగేలా పెట్టి చూశారు. కండెన్సేట్ శూన్యంలో ఉన్నదానిలో సుమారు 77 శాతానికి పడిందని 2023లో ప్రకటించారు. అంటే సౌష్ఠవం పూర్తిగా రాలేదు, కొంత వచ్చింది.

మరి రో తేలికవుతుందా? రో ఆయుష్షు సెకనులో వంద కోట్ల కోట్ల కోట్లో వంతు కంటే కూడా తక్కువ, కాబట్టి చాలావరకు కేంద్రకంలోనే చచ్చిపోతుంది. అరుదుగా ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్‌గా విడిపోతుంది. వాటికి బలమైన బలం అంటదు కాబట్టి లోపలి కబురు చెడకుండా మోసుకొస్తాయి. ఆ కబుర్లు చదివి జపాన్‌లోని కెక్ ప్రయోగశాల బృందం ద్రవ్యరాశి తగ్గిందంది. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ వాళ్లు 2007లో తగ్గలేదు, గ్రాఫులో రో శిఖరం వెడల్పయిందంతే అన్నారు. యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల‌లో ఇండియం కేంద్రకాలను ఢీకొట్టించిన ఎన్ఏ60 బృందానికీ, కేంద్రకం కాకపోయినా ఆ వేడి పదార్థంలో, వెడల్పే కనిపించింది. నేను వెడల్పు వైపే మొగ్గుతాను.

వెడల్పు ఎందుకంటే, చెర్వుగట్టు జాతరలో నడిచావా? నాలుగడుగులకో చుట్టం చెయ్యి పట్టుకుంటాడు. రో కూడా లోపల ప్రతి ప్రోటాన్‌కూ, న్యూట్రాన్‌కూ తగులుకుని ఇంకా త్వరగా పోతుంది. ఆయుష్షు తగ్గేకొద్దీ ద్రవ్యరాశి ఒక్క అంకె దగ్గర నిలవదు, అటూ ఇటూ పరచుకుంటుంది. క్వాంటమ్ నియమం అది. ఇక ఏ1ని చూద్దామంటే అది మూడు పయాన్లుగా విడిపోతుంది, ఆ పయాన్లు బయటికి రాకముందే జాతరలో చిక్కుకుంటాయి. అందుకే కవలలిద్దరినీ కేంద్రకంలో పక్కపక్కన నిలబెట్టి చూడటం అంత కష్టం.

యురేనియం సంగతి. బరువైన కేంద్రకాలన్నిటి లోపలి సాంద్రత దాదాపు ఒకటే, కాబట్టి కండెన్సేట్ లంబాపూర్ యురేనియంలోనూ పలచగానే ఉంటుంది, నీ వేలి బంగారు ఉంగరంలోనూ అంతే. రో మాత్రం అక్కడ ఊరికే కూర్చుని ఉండదు, కణాలను వేగంగా పరుగెత్తించే యాక్సిలరేటర్‌తో కొట్టి పుట్టించాలి. తవ్వకాల గురించి మీ వైపు ఉన్న టెన్షన్ నాకు తెలుసు, కానీ అది నీళ్లకూ నేలకూ సంబంధించిన ప్రశ్న. దాన్ని విడిగా రాసి పంపు.