ఆఫీసు నెట్ మధ్యాహ్నానికి నెమ్మదిస్తోంది, కాల్స్ కట్ అవుతున్నాయి: ప్లాన్ పెంచాలా?

మీరు చెప్పినది ఇదీ: సుమారు నలభై సిస్టమ్‌లున్న ఆఫీసు, ఉదయం బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి అన్నీ నెమ్మదిస్తాయి, వీడియో కాల్స్ మధ్యలో తెగిపోతాయి, రౌటర్ ఆపి మళ్లీ పెడితే కాసేపు సర్దుకుంటుంది. నెట్ ఇచ్చేవాళ్లేమో లైన్‌లో ఏ సమస్యా లేదంటున్నారు.

ప్లాన్ అప్పుడే పెంచకండి. రౌటర్‌ని మాటిమాటికీ రీస్టార్ట్ చేయడం కూడా ఆపండి. చాలా రౌటర్లలో దాంతో లాగ్ (జరిగినవి రాసుకునే చిట్టా) చెరిగిపోతుంది, ఏం జరిగిందో తెలిసే దారి ఉండదు.

ఆఫీసు నెట్‌వర్క్‌లు చూసుకునే పనిలో ఎప్పుడూ నేను ముందు చేసేది ఒకటే. కేబుల్‌తో కనెక్ట్ అయిన ఒక సిస్టమ్‌లో రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో మన రౌటర్ అడ్రస్‌కీ, రెండోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కీ పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి, జవాబుకి ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్) ఆగకుండా నడిచేలా పెట్టి వదిలేస్తాను. విండోస్‌లో మామూలుగా నాలుగుసార్లు పంపి ఆగిపోతుంది కాబట్టి కమాండ్‌కి మైనస్ టి (-t) తగిలించాలి. కేబుల్ మీద రౌటర్ నుంచి జవాబు ఒక మిల్లీసెకనులోపో, కాస్త అటూఇటూగానో రావాలి. నెట్ నెమ్మదించిన సమయానికి అదే తడబడుతుంటే గొడవ మన గోడల లోపలే ఉంది, బయటివాళ్లతో వాదించి లాభం లేదు. రౌటర్ బాగుండి బయటి పింగ్ మాత్రమే పాడైతే అప్పుడు లైన్ వైపు చూడాలి.

ఒక ఆఫీసులో కాస్త మీలాంటి ఫిర్యాదే వచ్చింది, కాకపోతే ఒక్క సెక్షన్‌కే. అక్కౌంట్స్ సెక్షన్‌లో సర్వర్ ఫైళ్లు తెరుచుకోవు, రిమోట్ డెస్క్‌టాప్ తెగిపోతుంది, మిగతా సెక్షన్లకి ఏ ఇబ్బందీ లేదు. స్విచ్ (సిస్టమ్‌ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) లోపలికి లాగిన్ అయి పోర్టుల పేజీ చూస్తే, రెండు స్విచ్‌లని కలిపే లింకు 1000 మెగాబిట్లు (ఒక గిగాబిట్) ఉండాల్సిన చోట 100 దగ్గర నిలబడి ఉంది. పేజీ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ దాని పక్కన సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో పాడై వచ్చిన డేటా) అంకె పెరుగుతోంది. కేబుల్ లాగి చూస్తే కనెక్టర్‌లో ఒక తీగ సరిగా దిగలేదు. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. అందుకే ఒక జత చెడినా చాలా పరికరాలు నోరు మెదపకుండా 100కి దిగి పని చేస్తూనే ఉంటాయి, లైటు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఆ 100 మెగాబిట్లంటే సెకనుకి సుమారు 12 మెగాబైట్లు. ఉదయం నలుగురైదుగురు ఉన్నప్పుడు సరిపోయేది, అందరూ వచ్చాక ఎవరో ఒకరు పెద్ద ఫైల్ కాపీ పెడితే చాలు, మిగతావాళ్లకి చుక్కలే. కనెక్టర్ కోసి కొత్తది క్రింప్ చేశాక ఎర్రర్లు ఆగిపోయాయి.

అదే పేజీలో హాఫ్ డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి కాక ఒకదాని తర్వాత ఒకటి) అని కనబడినా అనుమానించండి. ఒక వైపు స్పీడు, డ్యూప్లెక్స్ చేత్తో ఫిక్స్ చేసి రెండో వైపు ఆటోలో వదిలేస్తే ఇలా అవుతుంది. పింగ్ బ్రహ్మాండంగా వెళ్తుంది, ఫైల్ మాత్రం నత్తనడక నడుస్తుంది. రెండు వైపులా ఆటోలో పెట్టండి.

కొందరికే నెట్ పోతుంటే, వాళ్ల సిస్టమ్‌లో డీఫాల్ట్ గేట్‌వే (బయటికి వెళ్లడానికి సిస్టమ్ వాడే రౌటర్ అడ్రస్) ఏముందో చూడండి. ఎవరో వైఫై కోసం ఇంటి రౌటర్ తెచ్చి ల్యాన్ పోర్టులో గుచ్చితే అది సిస్టమ్‌లకి తన సొంత ఐపీలు (నెట్‌వర్క్ అడ్రస్‌లు) పంచడం మొదలుపెడుతుంది. ఏ సిస్టమ్‌కి ఎవరి జవాబు ముందు అందితే దాని మాటే చెల్లుతుంది. అడ్రస్ 169.254తో మొదలైతే అసలు ఐపీ ఇచ్చేవాళ్లే దొరకలేదన్నమాట. ఆఫీసు మొత్తం ఒక్కసారిగా స్తంభించిపోయి, స్విచ్ లైట్లన్నీ ఒకేలా పిచ్చిగా మెరుస్తుంటే లూప్ పడినట్టే, అంటే ప్యాకెట్లు ఆగకుండా గుండ్రంగా తిరుగుతున్నట్టే. డెస్క్ కింది చిన్న స్విచ్‌కి ఒకే కేబుల్ రెండు కొసలూ గుచ్చినవాళ్లని చూశాను. పాపం, ఖాళీగా వేలాడుతోందని గుచ్చారట.

మీ విషయంలో రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటోంది కాబట్టి నాకు అప్‌లోడ్ మీద కూడా అనుమానం ఉంది. ఏ సిస్టమో క్లౌడ్‌కి బ్యాకప్ పంపుతూ అప్‌లోడ్ అంతా నింపేస్తే, కాల్స్ ప్యాకెట్లు వెనక క్యూలో ఇరుక్కుంటాయి. బయటి పింగ్ 20 మిల్లీసెకన్ల నుంచి వందల్లోకి ఎక్కుతుంది. రీస్టార్ట్‌తో బ్యాకప్ తెగి, మళ్లీ మొదలయ్యేదాకా ప్రశాంతం. రౌటర్‌లో ఎవరు ఎంత పంపుతున్నారో చూసి, బ్యాకప్‌ని రాత్రికి మార్చండి, లేదా దానికి స్పీడ్ లిమిట్ పెట్టండి.

వైఫైలో ఉన్నవాళ్లకే ఈ బాధ అయితే దారి వేరు: 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 తప్ప వేరే ఛానెల్ పెట్టకండి, వీలైనవన్నీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, కాల్స్ ఎక్కువ చేసే డెస్కులకి కేబుల్ ఇవ్వండి.

రేపు మధ్యాహ్నం సమస్య వచ్చినప్పుడు ఆ రెండు పింగ్‌లూ ఏం చూపించాయో, స్విచ్‌లో ఏ పోర్టుకి ఎర్రర్లు పెరుగుతున్నాయో ఇక్కడ రాయండి. మీ స్విచ్ లాగిన్ లేని రకమైతే అదీ చెప్పండి, అప్పుడు కేబుళ్లు ఒక్కొక్కటే తీసి చూసే పద్ధతి రాస్తాను.