అమ్మానాన్నలకు సరుకులు పంపే ముందు

చిట్టితల్లీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఇకమీదట వాళ్ళిద్దరూ సూపర్ మార్కెట్‌కి వెళ్ళక్కర్లేదట, నువ్వు ఉన్నచోటి నుంచే ఫోన్లో ఆర్డర్ పెడితే సరుకులన్నీ గుమ్మంలోకి వచ్చేస్తాయట. "అంతా అదే చూసుకుంటుందట అక్కా" అని మళ్ళీ మళ్ళీ చెప్పుకుని మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉంది. ఆ మోకాళ్ళ నొప్పులతో మీ నాన్న రెండు చేతుల్లో సంచులు పట్టుకుని మెట్లెక్కుతుంటే చూడలేకపోయేదాన్ని. ఉద్యోగం, పిల్ల, ఇల్లు, ఇన్నిటి మధ్య నీకు వాళ్ళ సంగతి తట్టింది చూడు, నాకు అది చాలు.

కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. మాటల్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అంటూ ఇంకో పని చేసుకుంటూ వింటావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

మీ అన్నయ్య మాకు ఇలా పంపడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఆర్డర్ పెట్టేది వాడు, తలుపు తీసేది నేను. ఫోన్ పట్టుకున్నవాళ్ళకి కనబడనివి తలుపు తీసేవాళ్ళకి కనబడతాయి. నేను చెప్పేవన్నీ ఆ వైపు నుంచి చూసినవే.

తేలిక సంగతులు ముందు. అడ్రస్ పెట్టేటప్పుడు మ్యాప్‌లో గుర్తు సరిగ్గా మీ వాళ్ళ ఇంటి మీదే పడిందో లేదో చూడు. డెలివరీకి నీ నంబర్ కాదు, మీ అమ్మది ఇవ్వు. మధ్యాహ్నం మీ నాన్న కునుకు తీసే వేళ స్లాట్ తీసుకోకు. ధర చూసేటప్పుడు ప్యాకెట్ ధర కాదు, కిలోకి ఎంత పడుతోందో చూడు. ఫోటోలో చిన్న ప్యాకెట్టూ పెద్ద ప్యాకెట్టూ ఒకేలా కనబడతాయి. ఇంకొంత కొంటే డెలివరీ ఉచితం అన్నారని అక్కర్లేనివి నింపకు.

ఇప్పుడు అసలు సంగతి. అడిగిన వస్తువు లేకపోతే దాని బదులు అలాంటిదే ఇంకోటి పంపమంటారా అని యాప్ ఒకచోట అడుగుతుంది. కొన్నింటిలో మనం ఏమీ నొక్కకుండానే "పంపండి" అని పెట్టి ఉంటుంది. నువ్వు మొట్టమొదట చేయాల్సిన పని అది తీసేయడం. ఎందుకో మీ అన్నయ్య నీకు చెప్పి ఉండడు. ఆ మాటెత్తితే వాడికి ఇప్పటికీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

ఒక నెల మేం వాడే మామూలు ఉప్పు దొరకలేదు. బదులుగా ఇంకో ఉప్పు పంపవచ్చా అని వాడికి మెసేజ్ వచ్చింది. ప్యాకెట్ మీద గుండె బొమ్మ, సోడియం తక్కువ అని పెద్ద అక్షరాలు. వాడు మీటింగ్‌లో ఉన్నాడు. నాన్నకి బీపీ కదా, ఇదే ఇంకా మంచిది అనుకుని సరే అని నొక్కేశాడు. ప్యాకెట్ చూసి నేనూ వాడు శ్రద్ధగా ఎంచి పంపాడనే అనుకున్నాను. "కాస్త చేదు తగులుతోందే" అని మీ పెద్దనాన్న ఒక పూట అన్నారు. అని ఊరుకున్నారు. కొడుకు పంపిన వస్తువుకి వంక పెట్టడం ఆయనకి ఇష్టం ఉండదు. ఉప్పదనం చాలక పళ్ళెంలో ఇంకొంచెం కలుపుకునేవారు కూడా.

కొన్ని వారాలకి ఆయన కాళ్ళల్లో సత్తువ పోయింది. కుర్చీలోంచి లేవడానికి నా చెయ్యి కావలసి వచ్చేది. వయసు మీద పడుతోంది అనుకున్నాం. ఒకరోజు తెల్లవారుజామున నన్ను లేపి, గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టుంది అన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తంలో పొటాషియం బాగా ఎక్కువగా ఉందని తేలింది. అప్పటికే ఆయన కిడ్నీలు కొంత బలహీనంగా ఉన్నాయి, దానికి తోడు బీపీ మాత్రలు. డాక్టరమ్మ మందుల చీటీ అంతా చదివి, "ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారు?" అని అడిగింది. రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చిన మీ అన్నయ్య ఆ ప్రశ్న వింటూనే తెల్లబోయాడు. ఇంటికి పరుగెత్తి ప్యాకెట్ తెచ్చాడు. వెనకవైపు సన్నటి అక్షరాల్లో రాసే ఉంది, పొటాషియం క్లోరైడ్ కలిపామని, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదని.

నువ్వు చదువుకున్నదానివి, నీకు వివరంగానే చెప్తాను. మామూలు ఉప్పంటే సోడియం క్లోరైడ్. సోడియం తగ్గించిన ఉప్పులో అందులో కొంత భాగం తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి అది మేలే. ఇంట్లో వాడే ఉప్పు బదులు అది వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో సూచన కూడా చేసింది. అయితే కిడ్నీ సమస్యలున్నవాళ్ళకి, గర్భిణులకి, పిల్లలకి ఈ సూచన వర్తించదని అందులోనే చెప్పింది. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపే పని కిడ్నీలది. అవి ఆ పని చేయలేకపోతే అది రక్తంలో పేరుకుపోయి గుండె లయనే దెబ్బతీస్తుంది. బీపీకి, గుండెకి వాడే కొన్ని మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. ఒకరికి మందులాంటి వస్తువే ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తుంది. ఈ సంగతి ఆ సంచి నింపే మనిషికి ఎలా తెలుస్తుంది? అతను తెలుపు బదులు తెలుపు పెట్టాడు, ఉప్పు బదులు ఉప్పు పెట్టాడు.

ఆయన కోలుకున్నారు. ఇంటికి వచ్చాక మీ అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు మంచి జరగాలనే చేశావురా, నాకు తెలుసు" అంటూ వీపు నిమిరారు. వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు నీకు రాకూడదు తల్లీ. మొన్నటి రక్త పరీక్షలో మీ నాన్నకి క్రియాటినిన్, అదే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది, కొంచెం ఎక్కువుందని మీ అమ్మ మాటల్లో అంది. నీకు ఆ సంగతి చెప్పిందో లేదో! దూరంగా ఉన్న పిల్లలకి ఇలాంటివి చెప్పరు, దిగులు పడతారని. అందుకే నువ్వే అడగాలి. మీ నాన్న మాత్రల ఫోటోలు తెప్పించుకో. ఉప్పు, చక్కెర బదులు వాడేవి, పొడులు, సూప్ ప్యాకెట్లు, ఇలాంటి వాటిలో ఏది మార్చకూడదో డాక్టర్‌ని అడిగి రాసిపెట్టుకో. అవి దొరకకపోతే ఆ పూటకి రాకపోయినా పరవాలేదు, బదులు మాత్రం వద్దు. నీ కూతురికి వేరుశనగ పడదు కదా, మీ ఇంటి ఆర్డర్‌కీ ఇదే మాట. అదే కంపెనీ, అదే రంగు ప్యాకెట్ అయినా లోపలి సరుకు వేరుగా ఉండవచ్చు.

ఇంత భయపెట్టి, ఆపేయమంటుందేమో పెద్దమ్మ అనుకోకు. అరలోంచి మనమే వస్తువు తీసుకునే అలవాటు మరీ పాతదేం కాదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అనే దుకాణం దాన్ని మొదలుపెట్టి పేరు తెచ్చుకుంది. అంతకుముందు చిట్టా ఇస్తే కౌంటర్ అవతలి మనిషి తీసి ఇచ్చేవాడు. మనం మళ్ళీ చిట్టా ఇచ్చే రోజులకే వచ్చాం. కాకపోతే అప్పుడు ఆ మనిషి ఎదురుగా ఉండేవాడు, "అది కాదయ్యా, ఇది" అనగలిగేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట అనే చోటు గుమ్మం ఒక్కటే. సంచి రాగానే మీ అమ్మ విప్పి చూడాలి. ఆ ఓపిక ఆమెకి ఉన్న వేళకే నువ్వు ఆర్డర్ పెట్టాలి.

సూపర్ మార్కెట్లో మీ అమ్మ చెయ్యి లోపలికంటా పెట్టి వెనకున్న పాల ప్యాకెట్ తీయడం చూశావుగా! ముందుగా పాడయ్యేవి ముందు వరసలో పెడతారని ఆమెకి తెలుసు. టైమ్‌కి అందించాలని పరుగులు పెట్టే మనిషి చేతికి అందింది తీస్తాడు, అతన్ని తప్పు పట్టలేం. కాబట్టి తేదీ చూడటం ఇంట్లో జరగాలి. ఈ తేదీలోపు వాడాలి అన్నది ఆరోగ్యానికి సంబంధించినది, అది దాటితే పారేయాల్సిందే. ఈ తేదీ వరకు బాగుంటుంది అన్నది రుచికీ నాణ్యతకీ సంబంధించినది, ఒకరోజు దాటిందని మంచి వస్తువు పారేయక్కర్లేదు. గుడ్లు అట్ట తెరిచి చూడాలి. బాగాలేనిదానికి వెంటనే ఫోటో తీసి నీకు పంపమను. ఫిర్యాదుకి ఇచ్చే గడువు చాలాచోట్ల తక్కువే ఉంటుంది. మీ నాన్న "పోనీలే" అంటాడు. అననివ్వకు.

చల్లటి సరుకు దగ్గర నాకు ఇంకా భయం. నాలుగు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల దాకా ఉన్న వేడిలో సూక్ష్మక్రిములు జోరుగా పెరుగుతాయి, అనువుగా ఉంటే ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతాయి. వాసన చూసో రుచి చూసో కనిపెట్టేద్దామంటే కుదరదు. పాలు, మాంసం, వండినవి రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. దారిలో గడిచిన సమయం కూడా అందులో కలుపుకోవాలి. అందుకని సంచి రాగానే ముందు చల్లటివి లోపల పెట్టి, ఆ తర్వాతే బిల్లు సరిచూసుకోమని అమ్మకి చెప్పు. ఫ్రిజ్ నాలుగు డిగ్రీలకి మించకుండా, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. గడ్డకట్టి రావాల్సింది పూర్తిగా మెత్తబడి, వెచ్చగా వస్తే తీసుకోవద్దను.

డబ్బు సంగతి. డెలివరీకి ఓటీపీ అడిగితే సంచి చేతికి వచ్చి, లెక్క చూసుకున్నాకే చెప్పాలి. రీఫండ్ రావడానికి పిన్ నొక్కక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. కస్టమర్ కేర్ అంటూ ఎవరైనా ఫోన్ చేసి ఏదైనా యాప్ వేసుకోమంటే పెట్టేయడమే. ఆ నంబర్ల కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు, యాప్ లోపలి నుంచే మాట్లాడాలి. మీ నాన్న మర్యాదస్తుడు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేయలేడు. ఆయనకి ఒకటే చెప్పు: "డబ్బు విషయం మా అమ్మాయి చూసుకుంటుంది" అని పెట్టేయమని.

సంచి తెచ్చిన అబ్బాయికి మంచినీళ్ళు ఇవ్వమని మీ అమ్మకి నేను చెప్పక్కర్లేదు. నీకు మాత్రం చెప్పాలి. సంచి నింపింది ఒకరు, తెచ్చింది ఇంకొకరు. లోపల ఏదో తక్కువైందని తెచ్చినవాడికి తక్కువ రేటింగ్ ఇవ్వకు, అతని పని దాని మీద ఆధారపడి ఉండవచ్చు. జోరువానలో ఒక్క వస్తువు కోసం ఆర్డర్ పెట్టకు.

ఇంకొక్క మాట, ఇది మీ అమ్మ తరఫున. 1984లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో జేన్ స్నోబాల్ అనే 72 ఏళ్ళ ఆవిడ, ఇంట్లో కూర్చుని టీవీ రిమోట్‌తో టెస్కో దుకాణానికి వెన్నలాంటి మార్జరిన్, కార్న్‌ఫ్లేక్స్, గుడ్లు ఆర్డర్ పెట్టింది. అంతకు ఐదేళ్ళ ముందు మైకేల్ ఆల్డ్రిచ్ అనే ఆయన టీవీని టెలిఫోన్ లైన్ మీదుగా కంప్యూటర్‌కి కలిపి చూపించాడు. బయటికి వెళ్ళలేని పెద్దవాళ్ళకి పనికొస్తుందని అక్కడి కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, దాన్ని వాడింది. ఇంట్లో తెర మీంచి సరుకులు తెప్పించుకున్న తొలి మనుషుల్లో ఒకరు మా వయసావిడ అన్నమాట. ఏం కావాలో ఆవిడే ఎంచుకుంది.

మీ అమ్మ ఇన్నేళ్ళూ ఆ ఇంటి సరుకుల లెక్క తలలోనే పెట్టుకుని నడిపింది. అది ఒక్కసారిగా నీ ఫోన్లోకి లాగేసుకోకు. చిట్టా ఆమెనే చెప్పనివ్వు, వీలైతే ఆమె ఫోన్లోనే బుట్ట నింపడం నేర్పు, డబ్బు మాత్రం నువ్వు కట్టు. పోయినసారి కొన్నవే మళ్ళీ కొనమని యాప్ చూపించినప్పుడు "అమ్మా, ఇంట్లో ఎంత ఉంది?" అని అడుగు. కూరగాయలకైనా మీ నాన్నని సాయంత్రం నడిచి వెళ్ళనివ్వు. బరువులు తగ్గించు, నడక తగ్గించకు. డాక్టర్లు నడవమన్నారు కూడా.

ఈ ఆదివారం అమ్మకి ఫోన్ చేసి, వంటింట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్ వెనకవైపు ఫోటో తీసి పంపమను. నువ్వు చదివాక నాకూ పంపు. మొదటి ఆర్డర్ పెట్టే ముందు ఆ "బదులు పంపండి" అన్నది తీసేశానని ఒక్క ముక్క చెప్పు. పని హడావిడిలో ఉన్నా సరే, అర్ధరాత్రి అయినా సరే, నేను ఫోన్ ఎత్తుతాను.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ