ఎంపీ చేసినాయన మేయర్ అవ్వడమేంటి?

ప్రశ్న: సార్, మా మేనల్లుడు లండన్‌లో చదువుకుంటున్నాడు. మొన్న వీడియో కాల్‌లో మాటల మధ్యలో అన్నాడు, అక్కడి మేయర్ సాదిక్ ఖాన్ ముందు ఎంపీ అంట, మంత్రి కూడా చేశాడంట. ఎంపీ చేసినాయన మళ్లీ కార్పొరేషన్‌కి దిగడం ఏంది? టికెట్ ఇవ్వలేదా, పార్టీలో ఏమైనా గొడవా? మన దగ్గర ఇట్లాంటిది కలలో కూడా జరగదు కదా. (ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: టికెట్ ఇవ్వకపోవడమూ కాదు, గొడవా కాదు. 2015 మేలో టూటింగ్ నియోజకవర్గం నుంచి వరసగా మూడోసారి ఎంపీగా గెలిచాడు. గెలిచిన నాలుగు నెలలకే మేయర్ అభ్యర్థిత్వం కోసం సొంత పార్టీలో పోటీపడి, టెస్సా జోవెల్ లాంటి సీనియర్ మాజీ మంత్రిని వెనక్కి నెట్టి టికెట్ తెచ్చుకున్నాడు. 2016 మేలో మేయర్ అయ్యాడు, వెంటనే ఎంపీ సీటు వదిలేశాడు. అంటే దిక్కులేక దిగిన మనిషి కాదు, కావాలని ఎగబడి వెళ్లిన మనిషి.

ఇంకో తమాషా చెప్తా. లండన్‌లో జనం నేరుగా ఓటేసి మేయర్‌ని ఎన్నుకోవడం మొదలైంది 2000లో. ఇప్పటిదాకా ముగ్గురే ఆ కుర్చీలో కూర్చున్నారు, ముగ్గురూ ఎంపీలుగా చేసినవాళ్లే. మొదటాయన కెన్ లివింగ్‌స్టన్ కథ మన రాజకీయాలకి బాగా దగ్గర. ఆయన నడిపిన పాత నగర పాలకమండలిని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1986లో ఏకంగా రద్దు చేసేసింది, మరుసటి ఏడాది ఆయన పార్లమెంటుకి పోయాడు, పదమూడేళ్ల తర్వాత పార్టీ టికెట్ ఇవ్వకపోతే రెబెల్‌గా నిలబడి, బహిష్కరించినా గెలిచి చూపించాడు (మీరడిగిన గొడవ ఈయనకి జరిగింది, ఖాన్‌కి కాదు). రెండో ఆయన బోరిస్ జాన్సన్, హెన్లీ ఎంపీగా ఉండి 2008లో మేయర్ అయ్యాడు, అక్కడి నుంచి ప్రధానమంత్రి దాకా వెళ్లాడు. మూడో ఆయనే మీరడిగిన సాదిక్ ఖాన్, 2024లో మూడోసారి కూడా గెలిచాడు.

ఈయన మొదలుపెట్టిందే వార్డు నుంచి. నాన్న పాకిస్తాన్ నుంచి వెళ్లి లండన్‌లో బస్సు డ్రైవర్‌గా చేశాడు, అమ్మ బట్టలు కుట్టేది, ఎనిమిదిమంది పిల్లలు, ప్రభుత్వం అద్దెకిచ్చిన ఇరుకు ఫ్లాట్. లా చదివి మానవ హక్కుల కేసులు వాదించాడు. 1994లో వాండ్స్‌వర్త్‌లో కౌన్సిలర్, అంటే మన లెక్కలో కార్పొరేటర్. 2005లో ఎంపీ, 2009లో రవాణా శాఖలో సహాయమంత్రి. 2010లో వాళ్ల పార్టీ ఓడిపోయాక ప్రతిపక్షంలో కూర్చున్నాడు. ఇక్కడ మీరే ఆలోచించండి, ప్రతిపక్షంలో ఎంపీగా ఉంటే లేచి మాట్లాడొచ్చు, అంతే. మేయర్‌గా ఉంటే సంతకం పెట్టొచ్చు.

ఆ సంతకానికి ఎంత బలముందంటే, లండన్ బస్సులు, మెట్రో రైళ్లు నడిపే సంస్థకి మేయరే చైర్మన్, టికెట్ రేట్లు తేల్చేది కూడా ఆయనే. వచ్చిన ఏడాదే ఒక పని చేశాడు: ఒక బస్సు ఎక్కి కార్డు తాకిస్తే, గంటలోపు ఇంకో బస్సు ఎక్కినా రెండోసారి డబ్బులు పడవు. రెండేసి బస్సులు మారి పనికి పోయే వాళ్లకి అది రోజూ కనబడే లాభం. బస్సు డ్రైవర్ కొడుకు బస్సు చార్జీలు రాసే కుర్చీలో కూర్చోవడం వినడానికి బాగానే ఉంటుంది, ఆయన కూడా ఆ మాట ఎన్నికల్లో బాగానే వాడుకున్నాడు లెండి. ఇప్పుడు మీరు కొర్లగుంట నుంచి బస్టాండుకి ఒక బస్సు, అక్కడి నుంచి తిరుచానూరుకి ఇంకో బస్సు ఎక్కి, రెండో టికెట్ తీసెయ్యమని మన మేయర్‌ని అడిగారనుకోండి, పాపం ఏం చెప్పగలరు? ఆర్టీసీ రాష్ట్ర ప్రభుత్వానిది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు వచ్చింది కూడా రాష్ట్రం నిర్ణయంతోనే.

పోలీసుల సంగతి ఇంకా గట్టిది. 2022 ఫిబ్రవరిలో లండన్ పోలీస్ కమిషనర్ క్రెసిడా డిక్ మీద తనకి నమ్మకం పోయిందని మేయర్ తేల్చి చెప్పాడు, ఆమె తప్పుకుంది. కమిషనర్‌ని నియమించే మాట చివరికి కేంద్ర హోంశాఖదే అయినా, మేయర్ నమ్మకం లేకుండా ఆ సీట్లో కొనసాగడం కష్టం. మన దగ్గర మేయర్ ఫోన్ చేస్తే సీఐ ఎత్తుతాడేమో, కానీ బదిలీ మాట ఎత్తడానికి లేదు.

అన్నీ జేజేలే అనుకోకండి. పాత డీజిల్, పెట్రోల్ బండ్లు నగరంలో తిరిగితే రోజుకి 12.50 పౌండ్లు కట్టాలన్న రూలుని 2023 ఆగస్టులో లండన్ మొత్తానికి పాకించాడు. శివారు జనం భగ్గుమన్నారు, ఆ బండ్లని పట్టే కెమెరాల వైర్లు కోసేశారు. దానికి నెల ముందే అక్స్‌బ్రిడ్జ్ ఉప ఎన్నికలో వాళ్ల పార్టీ 495 ఓట్ల తేడాతో ఓడిపోతే, ఈ చార్జీ వల్లే అని పార్టీ నాయకుడే ఇంకోసారి ఆలోచించమన్నాడు. వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాది మళ్లీ గెలిచాడు. కత్తిపోట్ల కేసులు, ఇళ్ల అద్దెల మీద ఆయనకి తిట్లు ఇప్పటికీ తప్పట్లేదు, అందులో న్యాయం కూడా ఉంది. కానీ తిట్టడానికి జనానికి ఒక మనిషి దొరికాడు చూడండి, నాకైతే అదే పెద్ద విషయం.

ప్రశ్న: మరి మన మేయర్లకి అంత పవర్ ఎందుకు లేదండీ? జనం ఓట్లతోనే కదా వచ్చేది? (ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: అమ్మా, జనం ఓటేసేది కార్పొరేటర్‌కి. మేయర్‌ని ఎన్నుకునేది కార్పొరేటర్లు, వాళ్లతో పాటు ఎక్స్ అఫీషియో (పదవి హోదాతో వచ్చే) సభ్యులుగా ఉండే ఎంపీలు, ఎమ్మెల్యేలు, చేతులెత్తి. 2025 ఫిబ్రవరిలో తిరుపతి డిప్యూటీ మేయర్ ఎన్నిక ఒకరోజు వాయిదా పడి ఎంత టెన్షన్ మధ్య జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. నేరుగా ఎన్నుకున్న రోజులు మనకీ ఉన్నాయి, 2002లో హైదరాబాద్‌లో తీగల కృష్ణారెడ్డి అట్లా వచ్చినవారే. తర్వాత ఆ పద్ధతి తీసేశారు.

అసలు చిక్కు అధికారంలో ఉంది. 1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, పట్టణాలకి ఇవ్వదగ్గ 18 పనుల జాబితా కూడా రాశారు. కానీ ఏది ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. మన కార్పొరేషన్లకి నేటికీ ఆధారం 1955లో హైదరాబాద్ కోసం చేసిన చట్టమే, దాని ప్రకారం కార్యనిర్వాహక అధికారం మునిసిపల్ కమిషనర్‌ది. కౌన్సిల్ మీటింగులో మేయర్ ఎత్తు కుర్చీలో కూర్చుంటారు, పక్కనే కమిషనర్, కింద కార్పొరేటర్లు మైకులు లాక్కుంటూ కాలవలూ వీధి దీపాలూ అని అరుస్తుంటారు, ఆఖర్లో టేబుల్ అజెండా (అప్పటికప్పుడు టేబుల్ మీద పెట్టే అంశాలు) పేరుతో పది కాగితాలు వచ్చిపడతాయి, ఆమోదం అంటారు, మీటింగ్ అయిపోతుంది. తీర్మానం కౌన్సిల్‌ది, ఫైలు కమిషనర్‌ది, కమిషనర్ బదిలీ ప్రభుత్వానిది.

తిరుపతి సంగతి మరీ విడ్డూరం. 1886లో పుట్టిన మునిసిపాలిటీ, 2007లో కార్పొరేషన్ అయింది, మొదటి మేయర్‌గా డాక్టర్ శిరీష ఎన్నికైంది 2021 మార్చిలో. మధ్యలో పద్నాలుగేళ్లు మేయర్ లేకుండా అధికారులే నడిపించారు. అన్నేళ్లు మేయర్ లేకపోయినా ఊరికి పెద్ద తేడా తెలియలేదంటే ఆ పదవి బరువు ఎంతో అర్థమవుతుంది. పైగా ఈ ఊళ్లో పెద్ద పని ఏది చూసినా టీటీడీ చెయ్యి ఉండాల్సిందే, శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కూడా టీటీడీ, స్మార్ట్ సిటీ డబ్బులు కలిస్తేనే లేచింది.

డబ్బు లెక్క చూడండి. లండన్ మేయర్ చేతికింద తిరిగే బడ్జెట్ సుమారు 20 బిలియన్ పౌండ్లు, మన డబ్బులో 2 లక్షల కోట్లు దాటుతుంది, రాష్ట్ర బడ్జెట్ల స్థాయి అది. ఇక్కడ ఎంపీకి నిధులు ఏడాదికి 5 కోట్లు, తిరుపతి ఎంపీ అయితే ఆ డబ్బుని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలకి పంచాలి. అయినా ఢిల్లీ పరపతి వేరు, పదవి పోయాక కూడా నెలకి 31,000 పెన్షన్ వస్తుంది. అందుకే మన నిచ్చెన పైకే పోతుంది. సబ్బం హరి విశాఖ మేయర్‌గా చేసి 2009లో అనకాపల్లి ఎంపీ అయ్యారు. ఇండోర్ డిప్యూటీ మేయర్‌గా చేసిన సుమిత్రా మహాజన్, ముంబై మేయర్‌గా చేసిన మనోహర్ జోషీ ఇద్దరూ లోక్‌సభ స్పీకర్లయ్యారు. పై నుంచి కిందికి వచ్చిన ఎంపీ పేరు చెప్పమంటే తల గోక్కోవాలి. స్వాతంత్ర్యానికి ముందు కథ వేరు, అహ్మదాబాద్ మునిసిపాలిటీని వల్లభాయ్ పటేల్, కలకత్తా కార్పొరేషన్‌ని సుభాష్ చంద్రబోస్ నడిపారు, అప్పట్లో అది చిన్న పని అని ఎవరూ అనుకోలేదు.

ప్రశ్న: ఒకే మనిషి ఎంపీగా, మేయర్‌గా రెండూ చెయ్యొచ్చా? (పోటీ పరీక్షలకి చదువుతున్న ఒక విద్యార్థి, బైరాగిపట్టెడ, తిరుపతి)

జవాబు: లండన్‌లో లివింగ్‌స్టన్, జాన్సన్ ఇద్దరూ దాదాపు ఏడాదిపాటు రెండూ చేశారు. ఫ్రాన్స్‌లో ఇది పెద్ద ఆనవాయితీ, జాక్ షిరాక్ పారిస్ మేయర్‌గా ఉంటూనే పార్లమెంటులో కూర్చున్నాడు, ప్రధానిగా కూడా చేశాడు. 2014లో చట్టం చేసి 2017 నుంచి ఆపేశారు. మనకి పక్కనే తమిళనాడు ఉదాహరణ ఉంది: స్టాలిన్ 1996లో, 2001లో చెన్నై మేయర్‌గా నేరుగా గెలిచారు, ఎమ్మెల్యే కూడా ఆయనే, 2002లో జయలలిత ప్రభుత్వం రెండు పదవులు కుదరవని చట్టం తెచ్చింది, ఆయన మేయర్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. పరీక్షలో అడిగితే ఒకటి కలపకండి: ఎంపీ, ఎమ్మెల్యే రెండూ గెలిస్తే 14 రోజుల్లో ఒకటి వదలాలన్న రూలు వేరు, అది మేయర్ గురించి కాదు.

ప్రశ్న: ఇవన్నీ సరే సార్, మా వీధి కాలవ నెల రోజులుగా పొంగుతోంది. ఎంపీకి చెప్పాలా, మేయర్‌కి చెప్పాలా? (లీలామహల్ సర్కిల్ దగ్గర నుంచి)

జవాబు: ఇద్దరికీ వద్దు. ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్ చూసే వాళ్లకి ఫొటోతో ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకోండి. కదలకపోతే సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి ఆ నంబర్ చూపించి కమిషనర్ చేతికే అర్జీ ఇవ్వండి. ఎంపీ గారికి చెప్తే లెటర్ రాస్తారు, ఆ లెటర్ వచ్చేది కూడా ఆ కమిషనర్ టేబుల్ మీదికే.