నాటకాలు చూడండి, కిస్తీల మీద మాత్రం వద్దు

ప్రశ్న: నా వయసు 31. కాంట్రాక్టు మీద డిజైన్ పనులు చేస్తాను. ఏడాదిలో పది నెలలు పని ఉంటుంది, రెండు నెలలు ఖాళీ. డ్యాన్స్ మ్యూజిక్ అంటే ప్రాణం, శనివారం వస్తే ఇంట్లో ఉండలేను. నెలకు రెండు మూడు నాటకాలు కూడా చూస్తాను. ఈసారి నాటకాల సీజన్ పాస్, మూడు రోజుల మ్యూజిక్ ఫెస్టివల్ పాస్ రెండూ క్రెడిట్ కార్డు మీద కిస్తీల్లో తీసుకున్నాను. నెల ఆదాయం నూరు అనుకుంటే ఇల్లు, తిండి, ప్రయాణాలకు 55, కార్డుకు 15, సరదాలకు 30 పోతాయి. కొన్ని నెలలుగా కార్డుకు మినిమమ్, అంటే బిల్లులో కట్టక తప్పని కనీస మొత్తం మాత్రమే కడుతున్నాను. లోన్ యాప్‌లో తీసుకుని కార్డు తీర్చేయమని ఫ్రెండ్ అంటున్నాడు. ఈ షికార్లన్నీ మానేసి సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) మొదలుపెట్టమని అమ్మ పోరుతోంది. ఎవరి మాట వినాలి? వచ్చే ఏడాది సీజన్ పాస్ మళ్లీ తీసుకోవచ్చా?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీ లెక్క చాలామంది లెక్కలాగే ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను. 55, 15, 30 కలిపితే సరిగ్గా నూరు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మీకు నూరు వచ్చేది పది నెలలే. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 83. అంటే ప్రతి నెలా 17 ఎక్కువ ఖర్చు పెడుతున్నారన్నమాట. ఆ తేడా పని ఉన్న నెలల్లో కనిపించదు. ఖాళీ నెలలు రాగానే అద్దె, సరుకులు, కరెంటు బిల్లు అన్నీ కార్డెక్కుతాయి. మీ స్టేట్‌మెంట్లు తీసి చూడండి. బాకీ పెరిగింది ఫెస్టివల్ నెలలోనా, పని లేని నెలలోనా? రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. నాటకాలు మానేసినంత మాత్రాన ఖాళీ నెలలు రాకుండా పోవు కదా.

మినిమమ్ కడుతున్నాం కదా అనే ధీమా దగ్గరే నాకు ఓపిక నశిస్తుంది. నెలకు 3 శాతం వడ్డీ వేసుకోండి, మీ కార్డుది ఇంకా ఎక్కువే కావచ్చు. వడ్డీ మీద వడ్డీతో అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. నెలనెలా బాకీలో 5 శాతం కడుతూ, కొత్తగా ఒక్కసారి కూడా గీకకుండా ఉన్నా బాకీ సగానికి దిగడానికి 32 నెలలు పడుతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. శనివారం రాత్రి గేటు దగ్గర గీకిన ఎంట్రీ టికెట్‌కు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇక లోన్ యాప్. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని, ఫోన్లో కాంటాక్టులన్నీ చూడనివ్వమనే యాప్ దగ్గర అప్పు చేసి ఇంకో అప్పు తీర్చమనే సలహాకు నేను సమాధానం చెప్పను. బ్యాంకు తక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ ఇస్తే ఆలోచించవచ్చు, అదీ కార్డు లిమిట్ తగ్గించాకే. లేకపోతే ఆరు నెలల తర్వాత అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది.

మీకు ముందు కావాల్సింది అత్యవసర నిధి. సరదాలను 30 నుంచి 10కి తెండి. పని ఉన్న నెలల్లో మిగిలే 20ని డబ్బు పడిన రోజే వేరే సేవింగ్స్ ఖాతాకు పంపేయండి. దానికి డెబిట్ కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లోని పేమెంట్ యాప్‌కు కలపొద్దు. మూడు నెలలకు 60 అవుతుంది, ఒక నెల కనీస ఖర్చు చేతిలో ఉన్నట్టే. అప్పటి నుంచి ఆ 20లో సగం నిధికి, సగం కార్డుకు. 42 శాతం వడ్డీ నెత్తిన పెట్టుకుని పొదుపేమిటని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఒకటో తారీఖున జీతం పడుతుంది, మీకు పడదు. చేతిలో ఏమీ లేకుండా కార్డంతా తీర్చేస్తే, ఖాళీ నెల రాగానే మళ్లీ ఆ కార్డే గీకుతారు. కార్డు తీరాక మొత్తం 20నీ నిధికే మళ్లించి, ఆరు నెలల కనీస ఖర్చు, అంటే మీ లెక్కలో 330 చేరేదాకా ఆపొద్దు. ఈ నిధిని షేర్లలో పెట్టొద్దు.

సిప్ ఆ తర్వాతే. బంగారం గురించి ఇప్పుడు ఆలోచించనే వద్దు. అమ్మగారు మీ సంపాదన మీదే ఆధారపడితే టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా తీసుకోండి. ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. వారం వారం గంటల కొద్దీ గెంతేవాళ్లకు మోకాలి లిగమెంటు ఎప్పుడైనా తెగవచ్చు, కాంట్రాక్టు పనిలో సిక్ లీవు ఉండదు. అన్నట్టు, ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి. ఇలాంటి వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, స్పీకర్ పక్కన నిలబడేవాళ్లకు అది గుర్తుండదు. వినికిడి యంత్రాలకు చాలా పాలసీలు డబ్బివ్వవు.

సరదాలకు 10తో ఎలా అంటారా? డ్యాన్స్ రాత్రుల్లో టికెట్ కంటే దాని చుట్టూ అయ్యే ఖర్చే ఎక్కువ: లోపల తాగేవి, అర్ధరాత్రి దాటాక రెట్టింపు రేటుకు క్యాబ్, ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు. నలుగురు కలిసి ఒకే క్యాబ్‌లో వెళ్లి రండి, నెలకు రెండు శనివారాలు చాలు. నాటకం ఇంకా సులువు. మొదటి అధికారిక ప్రదర్శనకు ముందు వేసే ప్రివ్యూలు, మామూలు రోజుల షోలు, వెనక వరుసలు చాలాచోట్ల తక్కువకే దొరుకుతాయి. నటుల మొహాలు దగ్గరగా చూడాలని ఉంటే షో రోజు మిగిలిన సీట్ల కోసం కౌంటర్ దగ్గర అడగండి. ఫెస్టివల్ పాస్‌ను నిర్వాహకుల ద్వారానే వేరేవాళ్లకు బదిలీ చేసే వీలుంటే ఇచ్చేయండి, వచ్చిందంతా కార్డుకు కట్టండి.

సీజన్ పాస్ మాటకొస్తే, పది నాటకాలకు 20 శాతం తగ్గింపు ఇస్తున్నారనుకుందాం. రెండు నాటకాలు చూడలేకపోతే ఆ తగ్గింపు అక్కడికి చెల్లు, మూడోది తప్పిపోతే విడిగా కొనుక్కున్నదానికంటే నష్టమే. ఈ ఏడాది పదింటిలో ఎన్నింటికి వెళ్లారో లెక్కేసుకోండి. ఎనిమిది దాటి, పాస్ డబ్బు మొత్తం అప్పటికి ఖాతాలో ఉంటే, అదీ నిధిని ముట్టుకోకుండా కట్టగలిగితే, నిక్షేపంగా తీసుకోండి.