ఓవల్ ట్రాక్ ఆటలో ముందు కుదరాల్సింది స్టీరింగ్ కాదు, కుడికాలు

ఫార్ములా వన్ ఆటలు బాగానే ఆడతారనీ, ఈమధ్య నాస్కార్ ఆట (అమెరికాలో ఎక్కువగా ఓవల్, అంటే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్‌ల మీద జరిగే కారు పందేల ఆట) మొదలుపెడితే ప్రతి మలుపులోనూ కారు బయటి గోడకు రాసుకుంటోందనీ రాశారు. ఎప్పుడూ ఎడమకే తిరిగే ఆటలో నేర్చుకోవడానికి ఏముంది, వదిలేయమంటారా అని అడిగారు. వదలకండి. మల్కాజిగిరిలో మా ఇంట్లో కూర్చుని నాస్కార్ హీట్ 5 ఆడుతున్న నేనూ ఇంకా కొత్తవాడినే. అయినా మీరున్న దశ దాటి వచ్చాను కాబట్టి ఆ దారి చెప్పగలను.

మన నగరంలో కారు పందెం అనగానే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల పందెం ఫార్ములా ఈ గుర్తొస్తుంది. 2.83 కిలోమీటర్ల దారిలో 18 మలుపులు, ప్రతి మలుపుకూ వేరే లెక్క. అమెరికాలోని మార్టిన్స్‌విల్ ట్రాక్ మొత్తం చుట్టుకొలత 0.526 మైళ్ళు, అంటే 850 మీటర్ల లోపే. లెక్కకు నాలుగు మలుపులున్నా ఆడేటప్పుడు అటొకటి, ఇటొకటి అన్నట్టే ఉంటుంది. ఏడాది చివర్లో అక్కడ జరిగే కప్ (నాస్కార్ అగ్రశ్రేణి పోటీ) పందెంలో ఆ చుట్టునే 500 సార్లు తిరుగుతారు. ట్రాక్‌ను కంఠస్థం చేయడానికి ఒక పూట చాలు. కానీ టైర్లు అరుగుతున్న కొద్దీ, ఇంధనం తగ్గుతున్న కొద్దీ, పక్కకు ఇంకో కారు వచ్చి చేరగానే అదే మలుపు మారిపోతుంది. ఆ మార్పును ముందుగా పసిగట్టడంలోనే ఈ ఆట ఆనందమంతా ఉంది. నన్ను పట్టి ఉంచింది అదే.

ఇక మీ గోడ సంగతి. ఈ కారు బరువు దాదాపు ఒకటిన్నర టన్ను, మీకు అలవాటైన ఫార్ములా వన్ కారుకు రెట్టింపుకు దగ్గర. ఎడమకు తిరిగేటప్పుడు ఆ బరువంతా కుడివైపుకు ఒరుగుతుంది, ముందు కుడి టైరు మీద ఎక్కువ భారం పడుతుంది. వేగం ఎక్కువై ఆ టైరు పట్టు వదిలాక స్టీరింగ్ ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. టైరు ఇంకా వేడెక్కుతుంది, కారు తిన్నగా గోడవైపే పోతుంది. కాబట్టి మలుపు రాకముందే, మీకు తోచినదానికన్నా ఇంకాస్త ముందే యాక్సిలరేటర్ వదలండి. బ్రేక్ తిన్నగా ఉన్న దారిలోనే వేసి, తిరగడం మొదలయ్యాక మెల్లగా సడలించండి. మలుపు మధ్యలో కారును దానంతట అది సాగనివ్వండి. ముందుభాగం తర్వాతి తిన్నని దారివైపు తిరిగేదాకా యాక్సిలరేటర్ తాకవద్దు. ఆ ఒక్క క్షణం ఆగడమే అన్నిటికన్నా కష్టం. ఆ తర్వాత కూడా, వానకు తడిసిన ఫ్లైఓవర్ మీద బైకు యాక్సిలరేటర్ ఎంత మెల్లగా తిప్పుతామో అంత మెల్లగా తొక్కాలి. ఒక్కసారిగా తొక్కితే వెనుక టైర్లు జారి కారు గిర్రున తిరుగుతుంది.

ఇది నేర్చుకోవడానికి డేటోనా పనికిరాదు. కొత్తవాళ్ళందరూ ఆ పేరు చూసి అక్కడికే వెళ్తారు. 2.5 మైళ్ళ ఆ ట్రాక్ మలుపులు లోపలివైపుకు 31 డిగ్రీల వాలుతో ఉంటాయి, ఒంటరిగా తిరిగితే యాక్సిలరేటర్ నుంచి కాలు తీయాల్సిన అవసరమే రాదు. అక్కడి విద్య వేరు. ముందు కారు గాలిని చీల్చుతుంది కాబట్టి వెనుక కారుకు గాలి అడ్డు తగ్గుతుంది, వెంటే కారు ఉంటే ముందు కారుకూ లాభమే. దాన్నే డ్రాఫ్టింగ్ అంటారు. తోడు లేకుండా వరుసలోంచి పక్కకు వస్తే చూస్తుండగానే చివరికి జారిపోతాం. అది రెండో పాఠం.

మొదటి పాఠానికి టెస్ట్ సెషన్‌లో, వేరే కార్లు లేకుండా, మార్టిన్స్‌విల్ తీసుకోండి. కాస్త చేయి తిరిగాక బ్రిస్టల్‌కు వెళ్ళండి. దాని చుట్టుకొలత 0.533 మైళ్ళు, దాదాపు అంతే. కానీ మార్టిన్స్‌విల్ మలుపుల వాలు 12 డిగ్రీలైతే బ్రిస్టల్‌లో అది 24 నుంచి 28 డిగ్రీలు. మార్టిన్స్‌విల్‌లో ఒక చుట్టుకు సుమారు 20 సెకన్లు పడితే ఇక్కడ 15 సెకన్లే. వాలు కారును ఎలా మోసుకెళ్తుందో ఈ రెండూ వెంటవెంటనే ఆడితే తెలిసినంతగా ఏ వీడియో చూసినా తెలియదు.

గోడకు ఆనించి పూర్తి వేగంతో పోతే ఎలా ఉంటుందని మీకూ తోచే ఉంటుంది. 2022లో మార్టిన్స్‌విల్‌లోనే, చివరి చుట్టులో, రాస్ చాస్టైన్ అనే నాస్కార్ డ్రైవర్ నిజంగా ఆ పని చేసి ఐదు కార్లను దాటి చాంపియన్‌షిప్ ఫైనల్‌లో చోటు సంపాదించాడు. చిన్నప్పుడు ఆడిన నాస్కార్ 2005 ఆటలో అలా చేసేవాడినని తర్వాత చెప్పాడు. మరుసటి ఏడాది నుంచి అలా చేస్తే శిక్ష తప్పదని నాస్కార్ ప్రకటించింది. ఆ దృశ్యం నాకూ ఎంతో ఇష్టం. కానీ ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడేటప్పుడు దయచేసి ఆ పని చేయకండి, అవతలివాళ్ళు కష్టపడి ఆడిన పందెం పాడవుతుంది. ఆట నుంచి ట్రాక్‌కు వెళ్ళే మంచి దారీ ఉంది. నాస్కార్ డ్రైవర్ విలియం బైరన్ మొదట ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ పందెం ఆటలో, కంప్యూటర్ ముందే నేర్చుకున్నాడు. 2024లోనూ 2025లోనూ డేటోనాలో జరిగే పెద్ద పందెం డేటోనా 500 గెలిచాడు.

సెట్టింగుల్లో కారును టైట్ వైపు కొద్దిగా జరపండి. అప్పుడు అది తిరగడానికి కాస్త మొరాయిస్తుంది గానీ వెనుకభాగం జారదు. చేయి కుదిరాక లూజ్ వైపు తెచ్చుకోవచ్చు. స్థిరత్వానికి ఆట ఇచ్చే సాయాన్ని మొదట ఉంచుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

కీబోర్డుతో ఆడుతుంటే మాత్రం ఇప్పుడే మార్చండి. మీటకు నొక్కడం, వదలడం తప్ప సగం నొక్కడం రాదు, ఈ ఆటంతా ఆ సగంలోనే ఉంది. మామూలు గేమ్ కంట్రోలర్ చాలు, దాని ట్రిగ్గర్లు ఎంత నొక్కితే అంత స్పందిస్తాయి. స్టీరింగ్ వీల్ కావాలనుకుంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో అడిగి చూడండి. వాడిన వీల్ కొనేటప్పుడు దుకాణంలోనే కంప్యూటర్‌కు తగిలించి, పెడల్‌ను చాలా మెల్లగా తొక్కుతూ తెరమీద గీత చూడండి. గీత ఎగిరెగిరి పడకుండా సాఫీగా పెరిగితేనే తీసుకోండి.