మోరి వాయిస్తానంటోంది, బీకాం మానిపించాలా?

ప్రశ్న: మాది అరకు దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా వచ్చి పెందుర్తిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. వాళ్ళ తాతగారు మా గిరిజనుల థింసా ఆటకు మోరి (సన్నాయిలాంటి ఊదే వాద్యం) వాయిస్తారు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆయన దగ్గర కూర్చుని ఆ విద్య కూడా పట్టుకుంది. ఇప్పుడు బీకాం మానేసి, సంగీత కళాశాలలో మోరిని కోర్సుగా పెట్టించి, తానే పాఠాలు చెబుతానంటోంది. వాళ్ళ నాన్న ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ ఇంట్లో గొడవ సర్దుమణిగే మాట చెబుతాను. బీకాం మానిపించకండి. మోరి మీద చిన్నచూపుతో అంటున్న మాట కాదిది. అమ్మాయి వెళ్ళాలనుకుంటున్న చోటికి ఏ గుమ్మం నుంచి వెళ్ళినా డిగ్రీ అడుగుతారు. ఇంత దూరం నడిచిన దారిని వదిలేస్తే ఆ డిగ్రీ కోసం మళ్ళీ మొదటి నుంచి నడవాలి.

ఇక కోర్సు సంగతి. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, డోలు నేర్పుతారు. మోరి ఆ జాబితాలో లేదు, అర్జీ పెట్టినంత మాత్రాన చేరదు కూడా. జానపద వాద్యాలు శాస్త్రీయ సంగీతంలోకి ఎలా వచ్చాయో చూస్తే కారణం తెలుస్తుంది. హిందుస్థానీ కచేరీకి వేణువును తెచ్చిన పన్నాలాల్ ఘోష్ (1911–1960) ఊళ్ళలో ఊదే చిన్న వేణువుతో ఖయాల్ (హిందుస్థానీ గానశైలి) గాంభీర్యం పలకదని గ్రహించి, సుమారు 32 అంగుళాల వేణువు చేయించుకున్నారు. దానికి ఏడో రంధ్రం చేర్చారు. శిష్యులను తయారుచేశారు. తర్వాతి తరంలో హరిప్రసాద్ చౌరాసియా అదే వేణువును నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) పాఠంగా చెప్పారు. చైనా వారి సువోనా కూడా మోరిలాగే రీడుతో (ఊదితే అదిరే సన్నని పీకతో) ఊదేది, పెళ్ళికీ చావుకీ పల్లెల్లో వినిపించేది. మేళగాళ్ళ ఇంట పుట్టిన లియు వెన్‌వెన్ షాంఘై కన్సర్వేటరీలో ఆ వాద్యం మీదే డాక్టరేట్ దాకా చదివారు. వేణువు విషయంలో ముందు వాద్యం కుదిరింది, పాఠాలు కుదిరాయి, శిష్యులు వచ్చారు. కళాశాల గుర్తింపు ఆ తర్వాతి మాట.

కాబట్టి మీ అమ్మాయికి నేను ఇచ్చే మొదటి పని చాలా చిన్నది. తాతగారి మోరిని ఫోనులో తంబురా శ్రుతి పెట్టుకుని ఊదమనండి. షడ్జం (స) ఏ శ్రుతికి దగ్గరగా ఉంది, పంచమం (ప) కలుస్తోందా లేదా అన్నది రాసుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ళలో దొరికిన మోరులన్నిటినీ ఇలాగే చూడాలి. ఒకదానికీ మరొకదానికీ తేడా వస్తే కంగారు పడనక్కరలేదు. డప్పు, తుడుము, కిరిడి లాంటి వాద్యాలు మోగుతున్న ఆటలో శ్రుతిపెట్టెతో ఎవరికీ పని ఉండదు. కానీ పదిమంది పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి సరళీ స్వరాలు (సంగీతంలో తొలి పాఠాలు) చెప్పాలంటే పది మోరులూ ఒకే శ్రుతిలో పలకాలి. అలా చేసి ఇవ్వగలవారు ఎవరు, ఏ కర్రతో చేస్తారు, రీడు ఎవరు కడతారు? ప్రిన్సిపాల్ గారిని కలవడానికి ముందు ఈ మనుషులను వెతకాలి.

మోరి మీద గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) పలకదని కొందరు పెద్దలు తేల్చేస్తారు. వినయంగా విని ఊరుకోమనండి. రీడు వాద్యంలో ఊపిరి ఒత్తిడినీ పెదవుల బిగువునూ మార్చి, రంధ్రాన్ని సగం మూసి స్వరాన్ని ఊపవచ్చు, జార్చవచ్చు. నాదస్వరంలో గమకం పుట్టేది అలాగే. అంతమాత్రాన మోరి మీద తోడి లాంటి పెద్ద రాగం వాయిస్తానని ఇప్పుడే చాటింపు వేయడం కూడా తొందరే. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు మూడు కాలాల్లో (వేగాల్లో) శ్రుతి చెదరకుండా వాయించి చూపిస్తే వాదించే పని తప్పుతుంది.

ఇంకొక విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. మోరిని శాస్త్రీయ సంగీతంలోకి తేవడమంటే దానితో వర్ణాలు, కృతులు వాయించడమే అనుకుంటే అసలు ఆస్తి ఊళ్ళోనే ఉండిపోతుంది. బోడ థింసా, గుండేరి థింసా, బాగ్ థింసా... ఇలా ఆటలు ఎన్నో ఉన్నాయి. ఒక్కో ఆటకు తాతగారు ఏ వరుస ఎత్తుకుంటారో, ఎక్కడ నడక మారుస్తారో ఫోనులో రికార్డు చేసి, విని, స్వరాలతో రాయాలి. మోరి పట్టుకున్న చేతికే స్వరం రాయడమూ రావడం అరుదు. మీ అమ్మాయికి ఆ రెండూ ఉన్నాయి. ప్రతి రికార్డు మొదట్లో తాతగారి పేరు, ఊరు, తేదీ ఆయన నోటితోనే చెప్పించండి. రేపు ఎవరో పరిశోధకులు పుస్తకం వేసినప్పుడు ఆయన పేరు 'ఒక స్థానిక కళాకారుడు'గా మిగలకూడదు.

చదువు దారి చెబుతాను. విజయనగరంలోని మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాల రైలులో మీకు దగ్గరే. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంస్థ అది. అక్కడ నాదస్వరంలో చేరమనండి. సర్టిఫికెట్ 4 ఏళ్ళు, డిప్లొమా 2 ఏళ్ళు. రీడు వాద్యాన్ని శాస్త్రీయంగా ఎలా బోధిస్తారో లోపలి నుంచి చూడటానికి ఇంతకంటే మంచి చోటు దగ్గరలో లేదు. తరగతుల వేళలు బీకాంతో కుదురుతాయో లేదో వెళ్ళి కనుక్కోండి, కుదరకపోతే డిగ్రీ అయ్యాక చేరవచ్చు. ఆడపిల్ల నాదస్వరమేమిటని బంధువులు అడిగితే, మన ప్రకాశం జిల్లా మూలాలున్న కాలీషాబీ మహబూబ్ పేరు చెప్పండి. భర్త షేక్ మహబూబ్ సుభానీతో కలిసి నాదస్వరం వాయించే ఆమెకు, ఆయనతో పాటే 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. పీజీలో ప్రవేశానికి డిప్లొమా అడుగుతారేమో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. పీజీ తర్వాత యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలతో మోరి మీదే పరిశోధన చేయవచ్చు. కళాశాలలో కొత్త వాద్యం గురించి మాట్లాడితే వినేది అప్పుడే.

మీవారి భయం అన్నం గురించి. అందులో తప్పేమీ లేదు. మొదటి కొన్నేళ్ళు మోరితో ఇల్లు గడవదు, ఆ మాట అమ్మాయికి కూడా సూటిగా చెప్పండి. బీకాం ఉంటే సాయంత్రాలు ఎవరి దుకాణం లెక్కలైనా చూసుకోవచ్చు, గాత్రం ట్యూషన్లు చెప్పవచ్చు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయ పోస్టులకు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైనది అడుగుతారు. డిప్లొమాను సమానంగా తీసుకుంటారా అన్నది ముందే అడిగి తెలుసుకోండి, చేరాక కాదు. ఆకాశవాణి ఆడిషన్ కూడా వదలవద్దు. బి గ్రేడు వచ్చినా డబ్బు కొద్దిగానే ఉంటుంది, అయితే కచేరీ నిర్వాహకులు ముందు అడిగేది ఆ గ్రేడే.

వీటన్నిటికంటే ముందు చేయదగినది ఒకటుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్పుకు 18 నుంచి 25 ఏళ్ళ వారు దరఖాస్తు చేయవచ్చు. జానపద, సంప్రదాయ కళలు కూడా దాని కిందికి వస్తాయి. నెలకు 5,000 రూపాయల చొప్పున 2 ఏళ్ళు ఇస్తారు. కనీసం 5 ఏళ్ళు గురువు దగ్గర నేర్చుకున్నట్టు ధ్రువపత్రం కావాలి. సెలవుల్లో నేర్చుకున్నది లెక్కకు వస్తుందా అన్నది ముందే అడిగి తెలుసుకోండి, ఏ ఏడు మొదలుపెట్టిందో, ఏయే ఆటల వరుసలు నేర్చుకుందో ఉన్నది ఉన్నట్టు రాయించండి. ఈసారి ఊరు వెళ్ళినప్పుడే తాతగారి సంతకం తీసుకుని, రెండు మూడు జెరాక్సులు తీయించి పెట్టుకోండి.