చీకటి పడేలోగా తిరిగి రాగలమా?

ప్రశ్న: ఎడిన్‌బరోలో చదువుకుంటున్న నలుగురు తెలుగు విద్యార్థులం. అక్టోబరు చివరి వారంలో స్కాట్లండ్ హైలాండ్స్‌లోని అ వైజన్ కొండ ఎక్కి, అదే రోజు దిగి రావాలనుకుంటున్నాం. దాని ఎత్తు 967 మీటర్లే. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కిన అలవాటు మాకుంది. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ కాళ్ల సత్తువ మీద నాకు సందేహం లేదు. కానీ అలిపిరిలో 3,550 మెట్ల పొడవునా పైకప్పు, దీపాలు, పక్కన నడిచే జనం ఉంటారు. ఇక్కడ ఇవేవీ ఉండవు. స్కాట్లండ్‌లో 3,000 అడుగులు దాటిన ముఖ్యమైన కొండలను, 1891లో వాటి జాబితా ప్రకటించిన సర్ హ్యూ మున్రో పేరుతో, మున్రోలంటారు. ఇప్పుడున్న 282 మున్రోలలో రోడ్డుకు అన్నిటికన్నా దూరమైనదిగా అ వైజన్‌కు పేరు.

పూల్యూ గ్రామం నుంచి రానూపోనూ దాదాపు 40 కిలోమీటర్ల నడక. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట చొప్పున లెక్క వేసే పాత పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం ఎక్కడా ఆగకుండా నడిచినా పది గంటలు తప్పవు, అదీ మంచి దారి మీద. అక్టోబరు చివర అక్కడ పగలు తొమ్మిదిన్నర గంటలకు మించదు. కాబట్టి మీ ప్రయాణం ఆ వారంలో వద్దని నా గట్టి సలహా.

నేల సంగతి కూడా చెప్పాలి. కాలిబాట వదిలితే పీట్ అనే నల్లటి నానిన నేల. గట్టిగా కనిపించిన చోటే కాలు పిక్క దాకా దిగబడుతుంది. అంతకన్నా నేను భయపడేది వాగులకు. ఆ ప్రాంతంలోనే ఒకసారి, ఉదయం చీలమండ లోతున దాటిన వాగు, మధ్యాహ్నపు వానకు తొడల దాకా పొంగి, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు ఒడ్డుకు వినిపించింది. నీరు తీసేదాకా రెండు గంటలు చలిలో కూర్చున్నాను. దిగి ఉంటే ఈ జవాబు రాసేవాణ్ణి కాదేమో.

మే నెల రెండో, మూడో వారాల్లో వెళ్లండి. అప్పటికి పగలు పదహారు గంటలు దాటుతుంది, మిడ్జ్‌లనే నుసిలాంటి దోమలు ఇంకా విజృంభించి ఉండవు. రెండు రోజులు పెట్టుకుని, ఫియోన్ లాఖ్, డూ లాఖ్ సరస్సుల నడుమ రాతికట్ట దాటాక, కార్న్‌మోర్ దగ్గర గుడారం వేసుకుంటే హాయిగా ఉంటుంది. బాధ్యతగా నడుచుకునేవారికి 2003 నాటి భూసంస్కరణ చట్టం ఆ హక్కు ఇచ్చింది.

సిగ్నల్ ఉంటుందని నమ్మకండి. కాగితపు పటం, దిక్సూచి, నలుగురికీ తలదీపాలు ఉండాలి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో బస చేసినచోట రాసిచ్చి, రాగానే ఫోన్ చేయండి. లేకుంటే మీ కోసం వెతకడానికి స్వచ్ఛంద రక్షకులు రాత్రిపూట ఆ వాగులు దాటవలసి వస్తుంది.